వెనక్కి పరుగెత్తిన గుర్రాలు



సంక్రాంతి నెలలో మన వాకిళ్లు ముగ్గులతో నిండినట్లే, కొత్త సంవత్సరం వచ్చిందంటే చైనాలో ఇళ్ల కిటికీలు ఎర్ర కాగితపు కత్తిరింపులతో నిండిపోతాయి. ఆ పండుగను వాళ్లు వసంత పండుగ అంటారు. ముందుగా ఇల్లంతా దులిపి శుభ్రం చేస్తారు. గుమ్మానికి అటూ ఇటూ ఎర్ర కాగితం మీద శుభవాక్యాలు రాసి అంటిస్తారు. పదిహేనో నాటి పున్నమి రాత్రి దీపాల పండుగ. ఆ రాత్రి వీధుల్లోనూ తోటల్లోనూ రకరకాల కాగితపు దీపాలు వెలుగుతాయి. బియ్యప్పిండి ఉండలను నీళ్లలో ఉడికించుకుని తింటారు. షాంఘై ప్రాంతంలో పిల్లలు చిన్న చక్రాలు బిగించిన కుందేలు దీపాన్ని దారం కట్టి లాక్కుంటూ తిరగడం పాత అలవాటు.

ఈ పండుగ పనులలో రెండింటిని ఈ నెల మనమూ చేసి చూద్దాం. ఒకటి కత్తెర పని. రెండోది ఒక దీపం. ఆ దీపం ఒకసారి నలభై మంది పిల్లల ముందు నన్ను తెల్లమొహం వేయించింది. ఆ సంగతి దాని చోట చెబుతాను.

ముందు పంచాంగం మాట. ఈ పండుగ ఏటా ఒకే తారీఖున రాదు. జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య ఎప్పుడైనా రావచ్చు. ఎందుకంటే వాళ్ల పాత పంచాంగం కూడా మన పంచాంగం లాగానే చంద్రుణ్ణి బట్టి నెలలనూ, సూర్యుణ్ణి బట్టి సంవత్సరాన్నీ లెక్కిస్తుంది. మనకు అమావాస్య వెళ్లిన మరునాడు పాడ్యమితో నెల మొదలవుతుంది. వాళ్లకు అమావాస్య పడిన రోజే నెలలో మొదటి రోజు. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులే అవుతాయి కనుక సౌర సంవత్సరానికి 11 రోజులు తరుగు పడుతుంది. ఆ తరుగు పూడ్చడానికి మనకు అధికమాసం ఉన్నట్లే వాళ్లకూ ఉంది. ఇద్దరి లెక్కలోనూ 19 ఏళ్లకు 7 అధికమాసాలు. 2026లో వసంత పండుగ తారీఖు ఫిబ్రవరి 17, అంటే మన మాఘ అమావాస్య. దీపాల పండుగ తారీఖు మార్చి 3, అంటే మన ఫాల్గుణ పున్నమి. మన ఇళ్లలోని పంచాంగం తీసి సరిచూసుకోవచ్చు.

వాళ్లు సంవత్సరాలను పన్నెండు జంతువుల పేర్లతో పిలుస్తారు. ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగన్, పాము, గుర్రం, మేక, కోతి, కోడిపుంజు, కుక్క, పంది. 2026 గుర్రం సంవత్సరం. దానికి ముందు గుర్రం సంవత్సరం 2014. కాబట్టి మనమూ గుర్రాలనే కోద్దాం. మీరు పుట్టిన ఏడు ఏ జంతువుదో కూడికలు తీసివేతలతో మీరే కనిపెట్టండి. జనవరిలోగాని, ఫిబ్రవరిలోగాని పుట్టినవారు మాత్రం జాగ్రత్తగా లెక్క వేయాలి. ఆ ఏడు పండుగ ఇంకా రాకముందే పుట్టి ఉంటే మీది పాత జంతువే!

కత్తెర పని

కాగితం పుట్టిన దేశంలో కాగితంతో ఆటలు పుట్టడంలో వింత లేదు. క్రీ.శ. 105లో త్సాయ్ లున్ అనే రాజోద్యోగి చెట్ల బెరడు, జనపనార, చింకి గుడ్డలు, పాత చేపల వలలు నానబెట్టి దంచి కాగితం చేసే పద్ధతిని చక్రవర్తికి నివేదించాడు. అంతకు ముందు కాలపు కాగితపు ముక్కలు కూడా తవ్వకాలలో దొరికాయి కనుక ఆయన పద్ధతిని మెరుగుపరిచాడనుకోవడమే సబబు. ఇక కత్తిరింపుల సంగతి. వాయవ్య చైనాలోని తుర్ఫాన్ ఎడారి ప్రాంతంలో 1959లో పాత సమాధుల నుంచి గుండ్రని కాగితపు కత్తిరింపులు బయటపడ్డాయి. సుమారు పద్నాలుగైదు వందల ఏళ్ల నాటివి. వాటిలో ఒకదానిమీద ఉన్నవి జంట గుర్రాలే! కాగితం అంతకాలం ఎలా నిలిచింది? ఆ నేలలో తేమ లేదు. తేమ లేని చోట బూజుకూ, సూక్ష్మజీవులకూ పని ఉండదు.

పలుచని ఎర్ర కాగితం ఒకటి తీసుకోండి. గాలిపటాల కాగితం బాగుంటుంది. 15 సెంటీమీటర్ల చదరం కోయండి. మూలకు మూల కలిపి మడిస్తే త్రిభుజం వస్తుంది. మడత అంచు నడిమి బిందువే మన పువ్వుకు కేంద్రం. ఆ బిందువు దగ్గర 180 డిగ్రీలు ఉన్నాయి. వాటిని కోణమానినితో మూడు 60 డిగ్రీల భాగాలు చేసి, ఒకదానిపై ఒకటి పడేలా మడవండి. తరువాత మళ్లీ సగానికి మడిస్తే 30 డిగ్రీల మొన మిగులుతుంది. ఇప్పుడు మీ చేతిలో 2 × 3 × 2, అంటే 12 పొరలున్నాయి. అంచుల వెంట చిన్న చిన్న గాట్లు పెట్టి విప్పి చూడండి. ఒక్క గాటు పన్నెండై కనిపిస్తుంది. ఎదురుగా అద్దం పెట్టినట్లు ఎన్ని గీతల వెంట ఈ పువ్వును సగానికి మడవవచ్చునో లెక్కపెట్టండి. ఆ గీతలనే సౌష్ఠవాక్షాలు అంటారు. లెక్క ఆరు రాకపోతే మడతలో ఎక్కడో పొరపాటు జరిగింది.

గట్టి డ్రాయింగు కాగితంతో ఈ పని చేయబోతే కత్తెర జారుతుంది. పైపొరకూ కిందిపొరకూ గాట్లు తేడా వస్తాయి. 12 పొరల పలుచని కాగితం తెగినంత సులువుగా 12 పొరల గట్టి కాగితం తెగదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక అంచు నుంచి రెండో అంచు దాకా ఏకంగా కోసేశారంటే పువ్వు రెండు ముక్కలవుతుంది. చైనా కళాకారులకు ఈ విషయంలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి, బొమ్మ గీతలు మిగిలి చుట్టూ ఉన్నది పోయేలా కోయడం. ఇందులో గీతలన్నీ ఒకదానితో ఒకటి కలిసే ఉండాలి. రెండోది, గీతలే పోయి చుట్టూ ఉన్నది మిగిలేలా కోయడం. ఇందులో గీతలు విడివిడిగా ఉండాలి. మొదట రెండోదే చేయండి, తేలిక.

గుర్రాల వరుసకు మరో మడత కావాలి. పొడుగాటి పట్టీని విసనకర్ర మడతలుగా ముందుకూ వెనక్కూ మడవండి. పై పొర మీద గుర్రం గీయండి. దాని ముక్కూ తోకా మడత అంచులకు తగలాలి. అక్కడ కోయకూడదు. కోసి విప్పితే చేయీ చేయీ పట్టుకున్నట్లు గుర్రాల బారు వస్తుంది. కాని జాగ్రత్తగా చూడండి. ఒకటి కుడికి చూస్తుంటే పక్కది ఎడమకు చూస్తున్నది! మడత అద్దం వంటిది కదా, కుడిని ఎడమ చేసింది. కిటికీకి అతికించడానికి ఇది అందమే. దీపంలో పరుగెత్తే గుర్రాలకు మాత్రం పనికిరాదు. సగం గుర్రాలు ముందుకూ, సగం వెనక్కూ పరుగెత్తినట్లు ఉంటుంది. దీపానికి విడివిడిగా కోసుకుని, అన్నిటినీ ఒకే దిక్కుకు తిప్పి అతికించాలి.

కిటికీలకూ తలుపులకూ అంటించే కాగితాలలో ‘ఫూ’ అనే అక్షరం ఒకటి తరచు కనిపిస్తుంది. శుభం, అదృష్టం అని అర్థం. దానిని చాలామంది కావాలనే తలకిందులుగా అంటిస్తారు. వాళ్ల భాషలో ‘తలకిందులు’ అనే మాటా, ‘వచ్చింది’ అనే మాటా ఒకే విధంగా వినబడతాయి. ‘శుభం తలకిందులైంది’ అని ఎవరైనా అన్నారంటే ‘శుభం వచ్చింది’ అని అన్నట్లే!

పరుగెత్తే గుర్రాల దీపం

ఇక అసలు పనికి వద్దాం. ఈ దీపం పేరు ‘జౌ మా తంగ్’. ‘జాబు’ అనేటప్పుడు మనం పలికే జ ఉంది చూడండి, ఇందులోని జ దానికి దగ్గర. మాటకు అర్థం పరుగెత్తే గుర్రాల దీపం. సుంగ్ వంశపు రాజుల కాలం (960–1279) నాటి రచనలలో ఈ రకం దీపాల ప్రస్తావన ఉంది. కాగితపు గూడు లోపల ఒక దీపం, దీపం పైన ఒక కాగితపు చక్రం, చక్రం నుంచి వేలాడే గుర్రాలూ రౌతులూ. దీపం వెలిగించగానే చక్రం దానంతట అదే తిరుగుతుంది. గుర్రాల నీడలు కాగితపు గోడ మీద ఒకదాని వెంట ఒకటి పరుగులు తీస్తాయి. తోసేవారు లేరు, కీ ఇచ్చేవారు లేరు.

కొన్నేళ్ల క్రితం తొమ్మిదో తరగతికి ఉష్ణ సంవహనం పాఠం చెబుతూ ఈ దీపం తయారు చేసి పట్టుకుపోయాను. రాత్రంతా కూర్చుని గుర్రాలు కోశాను. బల్ల మీద పెట్టి, కిటికీలు మూయించి, కొవ్వొత్తి వెలిగించాను. చక్రం కదిలింది. గుర్రాలు తిరిగాయి. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. నేను ‘చూశారా, వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది’ అని మొదలుపెట్టాను. ఇంతలో రెండో వరుసలో ఒక అమ్మాయి లేచి, ‘మాస్టారూ, గుర్రాలు వెనక్కి పరుగెత్తుతున్నాయండీ’ అంది.

తరగతి అంతా గొల్లుమంది. చూద్దును కదా, నిజమే! గుర్రాలు తోక ముందు, తల వెనుక పెట్టి పోతున్నాయి. తొందరలో తిరగేసి అతికించానేమో అనుకున్నాను. ‘అలా కాదు మాస్టారూ, పైన ఫ్యాను తిరుగుతోంది’ అంది ఆ అమ్మాయే. ఫ్యాను ఆపించాను. చక్రం నెమ్మదించి ఆగిపోయింది. కొవ్వొత్తి హాయిగా వెలుగుతూనే ఉంది. నేను చెప్పిన పాఠం తప్పు కాదు గాని, చూపించినది మాత్రం పాఠం కాదు. తిప్పినది కొవ్వొత్తి కాదు, ఫ్యాను. చప్పట్లు కొట్టిన నలభై మందీ, వారితోపాటు నేనూ, ఏమి చూడాలనుకున్నామో అదే చూశాము. ఒక్క పిల్ల మాత్రం గుర్రం తల ఎటు ఉందో చూసింది.

ఆమె చూపులో ఎంత బలం ఉందో తెలియాలంటే చక్రం కట్టుబడి తెలియాలి. డ్రాయింగు కాగితం మీద వృత్తలేఖినితో ఒకే కేంద్రం నుంచి మూడు వృత్తాలు గీయండి. వ్యాసార్ధాలు 10, 9, 3 సెంటీమీటర్లు. కేంద్రం నుంచి 30 డిగ్రీలకు ఒకటి చొప్పున పన్నెండు గీతలు గీయండి. 9, 3 సెంటీమీటర్ల వృత్తాల నడుమ పన్నెండు గదులు వస్తాయి. ప్రతి గదిలోనూ ఒక రెక్కను మూడు వైపుల కోయాలి. పైచాపం, కిందిచాపం, ఒక పక్క గీత. నాలుగో వైపు కోయకండి. అది తలుపు బందు వంటిది. గదికీ గదికీ నడుమ అర సెంటీమీటరు పట్టీ వదిలితే చక్రానికి ఆకులు మిగులుతాయి. లేకపోతే మధ్యభాగం ఊడి చేతికి వస్తుంది. పెద్ద వృత్తం వెంట కోసి చక్రాన్ని విడదీయండి. ఇప్పుడు రెక్కలన్నిటినీ తలుపు కొద్దిగా తెరిచినట్లు పైకి ఎత్తండి. 30 డిగ్రీలు ఎత్తితే చాలు. బందులన్నీ ఒకే పక్కన ఉండాలి సుమా!

పోస్టుకార్డును ఏటవాలుగా వేళ్లతో తేలికగా పట్టుకుని కింది నుంచి ఊదండి. కార్డు పైకి మాత్రమే కాదు, పక్కకు కూడా జరగబోతుంది. రెక్కలకు జరిగేదీ ఇదే. కింది నుంచి గాలి వస్తే చక్రం బందు ఉన్న అంచు ముందుగా తిరుగుతుంది. పైనుంచి గాలి వస్తే తెరిచిన అంచు ముందుగా, అంటే ఎదురు దిక్కుకు తిరుగుతుంది. కొవ్వొత్తి గాలి కింది నుంచి వస్తుంది. ఫ్యాను గాలి పైనుంచి వస్తుంది. చక్రం ఎటు తిరుగుతున్నదో చూస్తే తిప్పుతున్నది ఎవరో తెలిసిపోతుంది. నేను గుర్రాలను సరైన దిక్కుకే, బందు వైపు తలలు పెట్టి అతికించాను. అందుకే అవి వెనక్కి పరుగెత్తి నా పొరపాటును బయటపెట్టాయి.

సరే, ఫ్యాను ఆపాక కొవ్వొత్తి ఎందుకు తిప్పలేకపోయింది? నేను చక్రం నడుమ చిల్లు పెట్టి, సైకిలు చక్రపు ఊచకు దూర్చి, కింద ఒక పూస ఆనించాను. కాగితం ఊచకూ పూసకూ రాసుకుంటున్నది. ఆ ఘర్షణను ఫ్యాను గాలి గెలిచింది, కొవ్వొత్తి గాలి గెలవలేకపోయింది. మరునాడు దారంతో వేలాడదీశాను. రెండు చుట్లు తిరిగింది, దారం పురి ఎక్కింది, ఆగింది, మళ్లీ వెనక్కి తిరిగింది! మూడో రోజున, తండ్రి దర్జీ పని చేసే కుర్రవాడొకడు జేబులోంచి ఒక టిచ్ బటన్ తీసి ఇచ్చాడు. దాని బుడిపె ఉన్న ముక్కకు వెనుకవైపు చిన్న గుంట ఉంటుంది. ఆ గుంట కిందికి ఉండేలా చక్రం కేంద్రంలో అతికించి, ఊచ కొసను రాతి మీద సూదిగా అరగదీసి, గుంటను ఆ మొన మీద నిలిపాము. ఫ్యాను లేదు, కిటికీలు మూసే ఉన్నాయి. కొవ్వొత్తి వెలిగించి కాసేపు చూశాము. గుర్రాలు తలలు ముందు పెట్టి కదిలాయి. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ అమ్మాయి కొవ్వొత్తి ఆర్పమంది. ఆర్పాను. ఆగిపోయాయి. వెలిగించమంది. కదిలాయి. రెక్కలను పైకి కాక కిందికి వంచమంది. వంచాను. ఎదురు దిక్కుకు తిరిగాయి. అప్పుడు కూర్చుంది.

మీరు చేసేటప్పుడు ఇలా అమర్చండి. ఇనుప పళ్లెంలో తడి మట్టిముద్ద పెట్టి అందులో సైకిలు ఊచను నిటారుగా గుచ్చండి. ఊచకు 2 సెంటీమీటర్ల పక్కన పొట్టి కొవ్వొత్తి నిలపండి. మంటకూ చక్రానికీ మధ్య 20 సెంటీమీటర్లకు తక్కువ ఉండకూడదు. నల్ల కాగితంతో 5 సెంటీమీటర్ల ఎత్తు గుర్రాలు నాలుగు కోసి, సన్నని కాగితపు పట్టీలతో చక్రం అంచు నుంచి మంట ఎత్తుకు వచ్చేలా వేలాడదీయండి. నాలుగూ సమాన దూరాలలో ఉండాలి. లేకపోతే చక్రం ఒక పక్కకు ఒరుగుతుంది. వేలాడే గుర్రాలవల్ల ఇంకో మేలు ఉంది. బరువు మొన కన్న కిందికి దిగుతుంది కనుక చక్రం పడిపోకుండా నిలదొక్కుకుంటుంది. గుర్రాలు లేకుండా ఉత్త చక్రాన్ని మొన మీద నిలిపి చూడండి, తేడా తెలుస్తుంది.

చుట్టూ 15 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో నూనె కాగితపు గూడు కట్టండి. చుట్టుకొలత 94 సెంటీమీటర్లు వస్తుంది, అతుకుకు 2 సెంటీమీటర్లు కలుపుకోండి. గూటిని నేలకు ఆనించకుండా మూడు పెంకు ముక్కల మీద నిలపాలి. పైన పోయే గాలికి బదులు కింది నుంచి చల్లగాలి రావాలి కదా. పని అంతా పెద్దవాళ్లు పక్కన ఉండగానే చేయాలి. బకెట్టు నీళ్లు దగ్గర ఉంచుకోవాలి. వెలుగుతున్న దీపాన్ని వదిలి ఒక్క నిమిషం కూడా అవతలికి పోకూడదు.

గది దీపాలు ఆర్పి చూడండి. మంట నుంచి గుర్రానికి సగటున 10 సెంటీమీటర్లు, గూటి గోడకు 15 సెంటీమీటర్లు. కాబట్టి 5 సెంటీమీటర్ల గుర్రం నీడ ఏడున్నర సెంటీమీటర్లు. కాని కొవ్వొత్తి కేంద్రంలో లేదు, 2 సెంటీమీటర్లు పక్కకు ఉంది. దానికి దగ్గరి వైపున దూరాలు 8, 13. నీడ 8 సెంటీమీటర్లు దాటుతుంది. ఎదుటి వైపున దూరాలు 12, 17. నీడ 7 సెంటీమీటర్ల పైచిలుకు. అంటే గుర్రం చుట్టూ తిరుగుతూ ఒక పక్కన పెరుగుతూ, ఒక పక్కన తగ్గుతూ ఉంటుంది. మన దగ్గరికి దౌడు తీసి, మళ్లీ దూరంగా పోతున్నట్లు ఉంటుంది. నీడ అంచు మసకగా ఎందుకుందో కూడా ఆలోచించండి. మంట ఒక చుక్క కాదు, దానికి వెడల్పు ఉంది.

కొవ్వొత్తికి ఎంత బలం?

ఒక చిన్న టిచ్ బటన్ కోసం ఇంత రభస ఎందుకు జరిగిందో లెక్క వేస్తే అర్థమవుతుంది. మామూలు కొవ్వొత్తి నిమిషానికి సుమారు ఒక గ్రాములో పదో వంతు మైనం కాలుస్తుంది. ఒక గ్రాము మైనం కాలితే సుమారు 42,000 జౌళ్ల వేడి. అంటే నిమిషానికి 4,200 జౌళ్లు, సెకనుకు 70 జౌళ్లు. 70 వాట్లు! ఒక బల్ల ఫ్యానును తిప్పగల సామర్థ్యం. మరి కాగితపు చక్రం దగ్గర అది ఎందుకు నీరుగారిపోయింది?

ఒక కిలోగ్రాము గాలిని ఊహించుకోండి. దాన్ని 27 డిగ్రీల నుంచి 327 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేశామనుకుందాం. దీనికి సుమారు 3 లక్షల జౌళ్లు కావాలి. పరమ ఉష్ణోగ్రత 300 నుంచి 600కు, అంటే రెట్టింపు అయింది కనుక ఆ గాలి రెండింతలు వ్యాకోచించి, రెండు కిలోల చల్లగాలి ఉండే చోటును ఆక్రమిస్తుంది. ఆర్కిమెడీస్ సూత్రం ప్రకారం చుట్టూ ఉన్న చల్లగాలి దాన్ని రెండు కిలోల బరువుతో పైకి నెడుతుంది. దాని సొంత బరువు ఒక కిలో. మిగిలినది ఒక కిలో బరువంత నెట్టు, సుమారు 10 న్యూటన్లు. ఆ నెట్టుతో 20 సెంటీమీటర్లు, అంటే మీటరులో అయిదో వంతు పైకి పోతే జరిగిన పని రెండంటే రెండు జౌళ్లు. పెట్టినది 3 లక్షలు, వచ్చినది 2. లక్షన్నరకు ఒకటి! 70 వాట్లను లక్షన్నరతో భాగిస్తే అర మిల్లీవాటు కూడా రాదు. అందులోనూ రెక్కలకు తగిలేది కొంతే. ఆ కాస్తనూ నా పూస మింగేసింది.

లెక్కలో 20 సెంటీమీటర్లు ఎక్కడ వచ్చిందో చూశారా? పైకి పోయే ఎత్తు ఎంత పెరిగితే రాబడి అంత పెరుగుతుంది. ఈ కిటుకుతోనే స్పెయిన్ దేశంలో మంజనారెస్ దగ్గర 1982లో ఒక పెద్ద గొట్టాన్ని పని చేయించారు. దాని ఎత్తు 195 మీటర్లు. చుట్టూ విశాలమైన పారదర్శకపు కప్పు కింద ఎండకు వేడెక్కిన గాలి గొట్టంలోకి ఎగబాకి టర్బైనును తిప్పేది. గరిష్ఠంగా 50 కిలోవాట్ల విద్యుత్తు వచ్చేది. మన దీపానికి ఇంచుమించు వెయ్యి రెట్ల ఎత్తు కనుక లక్షన్నరకు ఒకటి బదులు నూటయాభైకి ఒకటి. అదీ గొప్ప రాబడి ఏమీ కాదు. 1989లో గాలివానకు ఆ గొట్టం కూలిపోయింది. యూరప్‌లో పాతకాలపు వంటిళ్లలో పొగగొట్టంలో ఇటువంటి చక్రం పెట్టి మాంసం కాల్చే ఊచలను తిప్పేవారు. లియోనార్డో డావిన్చి అటువంటి దాని బొమ్మ గీశాడు. అవిరితో తిరిగే టర్బైనును చార్లెస్ పార్సన్స్ 1884లో తయారు చేశాడు. అక్కడ రెక్కలను నెట్టేది గాలి తేలికదనం కాదు, బాయిలరులో బిగబట్టిన ఆవిరి పీడనం. సుంగ్ కాలపు గుర్రాల దీపం ఆటవస్తువుగానే మిగిలిపోయిందంటే దాన్ని చేసినవారి తెలివి తక్కువై కాదు. గుప్పెడు వేడిగాలిలో అంతకు మించి బలం లేదు.

ఎల్.ఇ.డి. బల్బు పెడితే గుర్రాలు కదలవు. వెలుగు సరిపోతుంది, వేడి చాలదు. ఈ రోజుల్లో దుకాణాల్లో దొరికే ఈ రకం దీపాలలో చాలావాటిని చిన్న మోటారు తిప్పుతుంది. పాత తంతువు బల్బు దొరికితే కొవ్వొత్తికి బదులు వాడి చూడవచ్చును.

ఇదే వేడిగాలి చేసే మరో పని ఆకాశ దీపం. పలుచని కాగితపు సంచి కింద మంట కట్టి వదిలితే గాలిలోకి లేచిపోతుంది. మూడో శతాబ్దపు మంత్రి జూగ లియాంగ్ పేరు మీద దాన్ని ఖుంగ్ మింగ్ దీపం అంటారు. ఆయనే కనిపెట్టాడని కథ. దీన్ని మాత్రం మీరు చేయవద్దు. చేతిలోంచి వదిలాక ఆ మంట ఎక్కడ దిగుతుందో వదిలినవాడికి తెలియదు. మనకు గడ్డివాములూ, తాటాకు కప్పులూ ఉన్నాయి. జర్మనీలోని క్రేఫెల్డ్ జంతు ప్రదర్శనశాలలో 2020 జనవరి 1 తొలి గంటలలో ఇటువంటి దీపాలు పడి కోతుల భవనం తగలబడింది. గొరిల్లాలు, ఒరాంగుటాన్లతో సహా 30కి పైగా జంతువులు చనిపోయాయి.

దీపాల పండుగ రాత్రి చైనావారికి ఇంకో సరదా ఉంది. పొడుపు కథలను చీటీల మీద రాసి దీపాలకు అంటిస్తారు. జవాబు తెలిసినవారు ఆ చీటీని లాక్కుని దీపం యజమాని దగ్గరికి పోయి చెబుతారు. సరైనదైతే చిన్న బహుమానం. మా తరగతి పిల్లలు మా దీపానికి అంటించిన మూడు చీటీలు ఇవి. చీటీలను మంటకు దూరంగా, గూటి బయటి వైపున అతికించాలి.

‘మేత మేయదు, నీళ్లు తాగదు. కింద వెలిగితే పరుగు, ఆరితే నిలుపు.’

‘కోసినవాడు ఒక్కసారే కోశాడు. విప్పినవాడు పన్నెండు గాట్లు లెక్కపెట్టాడు.’

‘వెలుగు దగ్గరికి పోతే పెద్దవాణ్ణి, దూరం పోతే చిన్నవాణ్ణి, వెలుగే లేకపోతే లేనేలేను.’